అప్‌లింక్ ప్రీకోడింగ్: సిమ్యులేషన్‌లో 6 డీబీ, బయట 2 డీబీ. మిగతాది ఎక్కడ పోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. (అప్‌లింక్ అంటే డివైస్ నుంచి బేస్ స్టేషన్‌కి పంపే వైపు. ప్రీకోడింగ్ అంటే యాంటెన్నాల సంకేతాలు అక్కడ బలంగా కలిసేలా ఒక్కోదాని ఫేజ్, బలం సరిచేసి పంపడం.) మీ దగ్గర 4 ట్రాన్స్‌మిట్ యాంటెన్నాలున్న 5జీ డివైస్ ఉంది, తర్వాతి మోడల్ 8 యాంటెన్నాలతో రాబోతోంది. సిమ్యులేషన్‌లో ఎస్‌వీడీతో (ఉత్తమ దిశని వెతికే మ్యాట్రిక్స్ లెక్క) ప్రీకోడర్ లెక్కేస్తే ఒక్క యాంటెన్నా కంటే 6 డీబీ లాభం కనిపిస్తోంది. బయట 64 యాంటెన్నాల బేస్ స్టేషన్‌తో పరీక్షిస్తే దాదాపు 2 డీబీ దగ్గరే ఆగిపోతోంది. కోడ్‌బుక్ (ముందే ఖాయం చేసిన ప్రీకోడర్ల జాబితా) మరీ ముతకగా ఉండటమే కారణమని మీ టీమ్ అనుకుంటోంది కాబట్టి, దాన్ని వదిలేసి డివైసే సొంతంగా ప్రీకోడర్ లెక్కేసుకునే నాన్-కోడ్‌బుక్ పద్ధతికి మారాలా అని అడిగారు.

నా సమాధానం: ఇప్పుడే మారకండి. మీరు పోగొట్టుకుంటున్న 4 డీబీలో కోడ్‌బుక్ వాటా చాలా చిన్నది. నాకు ఇద్దరు అనుమానితులు కనిపిస్తున్నారు. ఒకటి, మీ నాలుగు ట్రాన్స్‌మిట్ చెయిన్ల (ఒక్కో యాంటెన్నాకి సంకేతం అందించే సర్క్యూట్ల) మధ్య ఫేజ్ నిలకడగా లేకపోవడం. రెండోది, మీరు పరీక్షించిన చోట ఛానెల్లోనే (డివైస్‌కీ బేస్ స్టేషన్‌కీ మధ్య సంకేతం ప్రయాణించే దారిలోనే) 6 డీబీ లేకపోవడం. ఇబ్బంది ఏంటంటే ఈ రెండూ దాదాపు ఒకే అంకె ఇస్తాయి, 2 డీబీ. అందుకే బయట ఎన్ని రోజులు తిరిగినా వాటిని విడదీయలేరు, ల్యాబ్‌లో ఒక చిన్న పరీక్షతో విడదీయొచ్చు. అది కింద రాస్తాను.

నేను డివైస్ వైపు ఫిజికల్ లేయర్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం అప్‌లింకే. ఈ విషయంలో నేనూ మా వాళ్లూ పోగొట్టుకున్న వారాలు మీకు మిగలాలని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు కోడ్‌బుక్ మీద పడ్డ నింద సంగతి చూద్దాం. ఎన్ఆర్‌లో (5జీ రేడియో ప్రమాణం) 4 యాంటెన్నాలకి, ర్యాంక్ 1కి (ఒకే డేటా ప్రవాహం పంపేటప్పుడు) 28 టీపీఎంఐలు ఉంటాయి. టీపీఎంఐ అంటే కోడ్‌బుక్‌లో ఏ ప్రీకోడర్ వాడాలో బేస్ స్టేషన్ చెప్పే సంఖ్య. 0 నుంచి 3 వరకు ఒక్కో యాంటెన్నాని ఎంచుకునేవి, 4 నుంచి 11 వరకు రెండేసి యాంటెన్నాలని కలిపేవి, 12 నుంచి 27 వరకు నాలుగింటినీ కలిపేవి. ఫేజ్‌లు నాలుగే: 0, 90, 180, 270 డిగ్రీలు. అంటే రెండు యాంటెన్నాల మధ్య మీకు కావాల్సిన ఫేజ్‌కీ దొరికే ఫేజ్‌కీ తేడా ఎంత ఎక్కువైనా 45 డిగ్రీలే. రెండు యాంటెన్నాలు సమాన బలంతో ఉంటే, అంత ఘోరమైన సందర్భంలో కూడా పోయేది 0.7 డీబీ, సగటున అయితే సుమారు 0.2 డీబీ. 4 యాంటెన్నాలకి సాధ్యమైన 64 కలయికల్లో 16 మాత్రమే కోడ్‌బుక్‌లో ఉన్నాయి కాబట్టి నష్టం ఇంకొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. అయినా 4 డీబీ మాత్రం అక్కడ పోదు.

ఇప్పుడు మొదటి అనుమానితుడు, ఫేజ్. లెక్క తేలికే. ఒక్కో యాంటెన్నాకి విడిగా యాదృచ్ఛిక ఫేజ్ తప్పు ఉందనుకోండి, దాని ప్రామాణిక విచలనం సిగ్మా రేడియన్లు. యాంటెన్నాలు ఎం, మొత్తం పవర్ మారదు. అప్పుడు సగటు లాభం సుమారు 1 + (ఎం−1) × ఇ పవర్ మైనస్ సిగ్మా స్క్వేర్. సిగ్మా సున్నా అయితే 4 యాంటెన్నాలకి 4 రెట్లు, అంటే మీ 6 డీబీ. 40 డిగ్రీలైతే 4.5 డీబీ. 60 డిగ్రీలైతే 3 డీబీ. 75 డిగ్రీలకి వచ్చేసరికి 1.9 డీబీ, ఇది మీరు చూసిన అంకె. ఫేజ్‌లు పూర్తిగా చెదిరిపోతే లాభం సున్నా. నాలుగు పవర్ యాంప్లిఫైయర్లు కాలుతూ ఉంటాయి, బేస్ స్టేషన్‌కి మాత్రం ఒక్క యాంటెన్నా ఇచ్చినంతే అందుతుంది.

"మా డివైస్ కోహరెంట్ పరీక్ష పాసయింది కదా" అని మీరు అనొచ్చు. కోహరెంట్ అంటే చెయిన్ల మధ్య ఫేజ్ నిలకడగా ఉండటం. ఆ పరీక్ష ఏం అడుగుతుందో చూడండి. చివరి ఎస్ఆర్ఎస్ (బేస్ స్టేషన్ ఛానెల్‌ని కొలవడానికి డివైస్ పంపే తెలిసిన సంకేతం) పంపినప్పటితో పోలిస్తే, 20 మిల్లీసెకన్ల కిటికీలో యాంటెన్నా పోర్టుల మధ్య సాపేక్ష ఫేజ్ 40 డిగ్రీలకి మించి, సాపేక్ష పవర్ 4 డీబీకి మించి మారకూడదు అంటుంది 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం. 40 డిగ్రీలు చిన్న అంకె కాదు. అది కోడ్‌బుక్ 45 డిగ్రీల తప్పుకి తోడై ఒకే దిశలో పడితే మొత్తం 85 డిగ్రీలు, అప్పుడు రెండు యాంటెన్నాల 3 డీబీ లాభంలో 2.6 డీబీకి పైగా పోతుంది. అంటే ప్రమాణం ప్రకారం కోహరెంట్ అనిపించుకున్న డివైస్ కూడా చెడ్డ సందర్భాల్లో ప్రీకోడింగ్ లాభం దాదాపు అంతా పారబోసుకోవచ్చు. పరీక్ష పాసవడాన్ని కనీస అర్హతగా చూడండి, ఆర్ఎఫ్ (రేడియో సర్క్యూట్ల) టీమ్‌కి పెట్టే లక్ష్యం మాత్రం మీ సొంతది కావాలి. నేనైతే 15 డిగ్రీలు అడుగుతాను. 20 దగ్గర రాజీపడతాను.

ఫేజ్ ఎక్కడ చెదురుతుందో ఒక కేసు చెప్తాను. మేం చేసిన ఒక డివైస్‌లో ప్రీకోడింగ్ లాభం కొన్నిసార్లు పూర్తిగా వచ్చేది, కొన్నిసార్లు మాయమయ్యేది. లాగ్‌లో టీపీఎంఐ సరిగ్గానే ఉంది, బేస్ స్టేషన్ ఎంపికా సరిగ్గానే ఉంది. వారాల తర్వాత తేలింది ఏంటంటే, ఎస్ఆర్ఎస్‌కీ డేటా పంపే పీయూఎస్‌సీహెచ్‌కీ పవర్ కంట్రోల్ వేర్వేరు స్థాయిలు ఇస్తోంది, ఆ రెండు స్థాయిల మధ్యలో ఒక పవర్ యాంప్లిఫైయర్ గెయిన్ మెట్టు (సంకేతాన్ని ఎంత పెంచాలన్న సెట్టింగు) మారుతోంది. మెట్టు మారినప్పుడు ఆ చెయిన్ ఫేజ్ ఒక్కసారిగా గెంతుతుంది. బేస్ స్టేషన్ కొలిచింది గెంతక ముందు ఫేజ్, మేం వాడింది గెంతాక ఉన్న ఫేజ్. డివైస్ కాస్త దూరం జరిగి రెండు పవర్లూ ఒకే మెట్టులో పడితే లాభం తిరిగొచ్చేది. ప్రతి గెయిన్ మెట్టుకీ ఫేజ్ కొలిచి, డిజిటల్ వైపు సరిదిద్దే పట్టిక పెట్టాక సమస్య పోయింది. మీ పరీక్షలో కూడా ముందు ఎస్ఆర్ఎస్ పవర్‌నీ పీయూఎస్‌సీహెచ్ పవర్‌నీ ఒకే గ్రాఫ్‌లో గీసి, మధ్యలో గెయిన్ మెట్టు గీత ఎక్కడుందో చూడండి. సప్లై వోల్టేజ్ మార్చే పవర్ ట్రాకింగ్ ఉంటే అది కూడా ఇలాంటి గెంతే తెస్తుంది, దాన్ని మర్చిపోకండి.

ఫేజ్‌కి తోబుట్టువు టైమింగ్. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు అందుకే దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. రెండు చెయిన్ల మధ్య 1 నానోసెకను తేడా ఉంటే 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి సాపేక్ష ఫేజ్ 36 డిగ్రీలు తిరుగుతుంది. టీపీఎంఐ ఏమో బ్యాండ్ మొత్తానికి ఒక్కటే, ఎన్ఆర్ అప్‌లింక్‌లో సబ్‌బ్యాండ్‌కి (బ్యాండ్‌లో ఒక్కో ముక్కకి) ఒక టీపీఎంఐ చెప్పే ఏర్పాటు లేదు. కాబట్టి మధ్యలో ఫేజ్ సరిపోయినా అంచుల్లో తప్పుతుంది. 5 నానోసెకన్లు అయితే 180 డిగ్రీలు, అంటే బ్యాండ్ మధ్యలో కలిసేలా చూసుకున్నా రెండు అంచుల్లో 90 డిగ్రీల చొప్పున తప్పు. ప్రమాణం మాత్రం పోర్టుల మధ్య 130 నానోసెకన్ల వరకు ఒప్పుకుంటుంది! అంత తేడా ఉంటే ప్రతి 7.7 మెగాహెర్ట్జ్‌కీ ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, ఆ స్థితిలో వైడ్‌బ్యాండ్ ప్రీకోడర్‌కి అర్థమే లేదు. సర్క్యూట్ బోర్డు మీద 1 నానోసెకను అంటే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల ట్రేస్. చిన్న ఫోన్‌లో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. కానీ యాంటెన్నాలు నాలుగు మూలలా ఉన్న పెద్ద పెట్టెలో, పొడవు తేడా ఉన్న కేబుళ్లతో, వేర్వేరు ఫిల్టర్లతో ఇది తప్పకుండా కనిపిస్తుంది. స్థిరమైన తేడా కాబట్టి సరిదిద్దడం కూడా తేలికే, బేస్‌బ్యాండ్‌లో (డిజిటల్ వైపు) ఆలస్యం కలిపితే చాలు. ఎవరో ఒకరు దాన్ని కొలవాలి, అంతే.

ఇప్పుడు రెండో అనుమానితుడు, ఛానెల్. ఇది నిజంగా అందమైన విషయం, డివైస్ వైపు పనిచేసేవాళ్లకి చాలాసార్లు ఆలస్యంగా అర్థమవుతుంది. డివైస్‌కి 4 యాంటెన్నాలు, బేస్ స్టేషన్‌కి 1 యాంటెన్నా ఉంటే సరైన ప్రీకోడర్ పూర్తి లాభం ఇస్తుంది. కానీ బేస్ స్టేషన్‌కి 64 యాంటెన్నాలు ఉండి, ఒక్కో జంట మధ్య ఛానెల్ స్వతంత్రంగా ఉంటే, మీ నాలుగు యాంటెన్నాల నుంచి వచ్చే సంకేతాలు 64 కొలతల్లో దాదాపు ఒకదానికొకటి లంబంగా పడతాయి. అప్పుడు ఏ దిశలో పంపినా దాదాపు అంతే శక్తి అందుతుంది, "మంచి దిశ" అనేదే మిగలదు. పెద్ద యాదృచ్ఛిక మ్యాట్రిక్స్‌ల గురించిన మార్చెంకో–పాస్టూర్ ఫలితం ప్రకారం అతిపెద్ద ఐగెన్ విలువ (అత్యుత్తమ దిశలో అందే శక్తి) సగటు కంటే (1 + √(4/64))² రెట్లు, అంటే 1.56 రెట్లు ఉంటుంది. అది 1.9 డీబీ! 8 యాంటెన్నాలతో 1.83 రెట్లు, సుమారు 2.6 డీబీ. 8 యాంటెన్నాలకి 8 రెట్లు, అంటే 9 డీబీ వస్తుందన్న ఆశ ఎక్కడికి పోయిందో చూశారా.

నిజ జీవితంలో ఛానెల్ అంత స్వతంత్రంగా ఉండదు. ఎత్తులో ఉన్న బేస్ స్టేషన్‌కి మీ సంకేతం ఇరుకైన కోణంలోనే వస్తుంది కాబట్టి దాని 64 యాంటెన్నాలు చూసేవి 64 వేర్వేరు సంగతులు కావు. నేరుగా కనిపించే దారి ఉంటే ఛానెల్ దాదాపు ర్యాంక్ 1 అయిపోయి 6 డీబీ మళ్లీ దొరుకుతుంది. మీ సిమ్యులేషన్ 6 చూపిస్తోందంటే అందులో నేరుగా కనిపించే దారి ఉన్న మోడల్ గానీ, ఒకే రిసీవ్ యాంటెన్నా గానీ వాడి ఉంటారని నా అంచనా. బయట మీరు పరీక్షించిన చోటు గోడలూ ప్రతిబింబాలూ ఎక్కువగా ఉన్నదైతే నిజం ఈ రెండు చివరల మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు కూడా. ఐగెన్ విలువలు సమానంగా ఉన్నాయంటే అక్కడ ఛానెల్ మీకు ఎక్కువ లేయర్లు (ఒకేసారి పంపగల డేటా ప్రవాహాలు) ఇస్తోందని అర్థం. సిగ్నల్ బలం సరిపోతే ర్యాంక్ 1ని బలపరచడం మానేసి 2, 3 లేయర్లు పంపండి. ప్రీకోడింగ్ లాభాన్ని ఎప్పుడూ ర్యాంక్ 1 డీబీలలోనే కొలిచే అలవాటు వల్ల మంచి ఛానెల్ చెడ్డదిలా కనిపిస్తుంది. మీరు త్రూపుట్‌లో (నిజంగా అందిన డేటా వేగంలో) కొలవండి, బేస్ స్టేషన్ ఏ ర్యాంక్ ఇచ్చిందో పక్కనే రాసుకోండి.

సరే, ఇద్దరినీ విడదీసే పరీక్ష. నాలుగు యాంటెన్నా పోర్టులకీ కేబుళ్లు తగిలించి, కంబైనర్ ద్వారా ఒకే రిసీవర్‌కి కలపండి. ఇప్పుడు ఛానెల్ ఖచ్చితంగా ర్యాంక్ 1, దాని మీద ఇక అనుమానం లేదు. ఎస్ఆర్ఎస్ నుంచి నాలుగు పోర్టుల సాపేక్ష ఫేజ్, బలం కొలవండి. ఆ కొలతల నుంచి 12 నుంచి 27 వరకు ఉన్న 16 టీపీఎంఐలలో ఒక్కోటి ఎంత పవర్ ఇవ్వాలో కాగితం మీద లెక్కేయండి. తర్వాత ఒక్కో టీపీఎంఐతో పీయూఎస్‌సీహెచ్ పంపి నిజంగా ఎంత వచ్చిందో కొలవండి. కేబుల్ పొడవులు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఏ టీపీఎంఐ గెలిచిందన్నదీ ముఖ్యం కాదు. లెక్క, కొలత 16 చోట్లా ఒక డీబీ అటూ ఇటూగా కలిస్తే మీ ఆర్ఎఫ్ బాగున్నట్టే. ఒకటి గమనించండి, సంకేతాలు రద్దయిపోవాల్సిన టీపీఎంఐల దగ్గర ఫేజ్ తప్పు స్పష్టంగా బయటపడుతుంది, ఎందుకంటే శిఖరం దగ్గర 20 డిగ్రీలు కనిపించదు, గుంట దగ్గర దాక్కోలేదు. అలాంటి చోట మాత్రం డీబీలో ఖచ్చితంగా కలవాలని పట్టుబట్టకండి, గుంట ఎంత లోతుగా ఉందో చూడండి చాలు. తర్వాత ఇదే పరీక్షని ఎస్ఆర్ఎస్ పంపిన 1 మిల్లీసెకను తర్వాత, 10 తర్వాత, 20 తర్వాత, పీయూఎస్‌సీహెచ్ పవర్ మారుస్తూ, ట్రాన్స్‌మిటర్‌ని ఆపి మళ్లీ లేపుతూ చేయండి. ఎక్కడ విడిపోతుందో అక్కడ మీ జబ్బు ఉంది.

ఇంకో కేసు, ఇది మీ 4 యాంటెన్నాల బోర్డుకి నేరుగా వర్తించొచ్చు. పార్షియల్ కోహరెంట్ అని చెప్పుకునే డివైస్‌లో రెండేసి చెయిన్లు ఒకదానికొకటి ఫేజ్ కలిసి ఉంటాయి. ఏ రెండు? కోడ్‌బుక్ చూస్తే పోర్టులు 0, 2 ఒక జంట, 1, 3 ఒక జంట. మేం చూసిన ఒక బోర్డులో హార్డ్‌వేర్ వాళ్లు 0, 1 ఒక చిప్ మీద, 2, 3 ఇంకో చిప్ మీద పెట్టారు, అది వాళ్లకి సహజమైన వరుస. ఫలితంగా కోడ్‌బుక్ కలపమన్న జంట ప్రతిసారీ వేర్వేరు చిప్‌ల మీద పడింది, ఫేజ్‌కి నిలకడే లేదు. ఆర్ఎఫ్ టీమ్ తమ చిప్ లోపల ఫేజ్ బాగుందని చూపిస్తుంది, బేస్‌బ్యాండ్ టీమ్ టీపీఎంఐ సరిగ్గా వేశామని చూపిస్తుంది, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పోర్టు మ్యాపింగ్‌లో రెండు అంకెలు తారుమారు చేశాక బాగుపడింది. ఇది మీ దగ్గర జరగలేదని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు, తేల్చుకోండి.

పవర్ సంగతి కూడా చూడాలి, ఎందుకంటే దీన్ని ప్రీకోడింగ్ నష్టంగా పొరబడేవాళ్లు ఉన్నారు. 3జీపీపీ ప్రమాణం రిలీజ్ 15లో పీయూఎస్‌సీహెచ్ పవర్‌ని వాడుతున్న పోర్టుల నిష్పత్తిలో తగ్గిస్తారు. 4 పోర్టుల డివైస్‌కి ఒకే యాంటెన్నా టీపీఎంఐ ఇస్తే పవర్ నాలుగో వంతుకి, అంటే 6 డీబీ కిందకి పడుతుంది. రెండు యాంటెన్నాలదైతే 3 డీబీ. నాన్-కోహరెంట్ (ఏ రెండు చెయిన్ల ఫేజూ కలవదు) అని చెప్పుకున్న డివైస్‌కి ర్యాంక్ 1లో ఈ దెబ్బ తప్పదు, సెల్ అంచున ఇది నిజంగా బాధిస్తుంది. రిలీజ్ 16లో దీనికోసం పూర్తి పవర్ మోడ్‌లు తెచ్చారు. ప్రతి యాంప్లిఫైయర్ ఒంటరిగానే పూర్తి పవర్ ఇవ్వగలిగితే తగ్గింపే లేని మోడ్ ఒకటి. లేకపోతే మోడ్ 1, మోడ్ 2 ఉన్నాయి. మోడ్ 1లో నాన్-కోహరెంట్ డివైస్‌కి కూడా అన్ని యాంటెన్నాలూ పనిచేసే టీపీఎంఐలు దొరుకుతాయి. మోడ్ 2లో ఏ టీపీఎంఐకి పూర్తి పవర్ ఇవ్వగలదో డివైస్ చెప్పొచ్చు, లేదా ఎస్ఆర్ఎస్ రిసోర్సులకి వేర్వేరు పోర్టుల సంఖ్య పెట్టుకోవచ్చు. మీ నెట్‌వర్క్ వీటిలో ఏది ఆన్ చేసిందో తెలుసుకోకుండా మీ 2 డీబీకి అర్థం చెప్పలేం. 6 డీబీ దేనితో పోల్చి 6 అన్నది ముందు తేలాలి కదా.

ఇక మీ అసలు ప్రశ్న, ఎస్‌వీడీ. సిమ్యులేషన్‌లో ఎస్‌వీడీ మొత్తం పవర్‌ని బలమైన యాంటెన్నాలకి ఎక్కువగా పంచుతుంది. డివైస్‌లో ఒక్కో యాంటెన్నాకి ఒక్కో యాంప్లిఫైయర్, దాని పరిమితి దానిది, పక్కవాడి పవర్ అరువు తీసుకోలేదు. ఛానెల్ ర్యాంక్ 1 అయి, ప్రతి యాంప్లిఫైయర్‌కీ విడి పరిమితి మాత్రమే ఉన్నప్పుడు ఉత్తమం ఏంటంటే అన్నీ తమ పూర్తి పవర్‌తో పంపడం, ఫేజ్ మాత్రమే సరిచేయడం. కోడ్‌బుక్ చేసేది సరిగ్గా అదే. కాబట్టి సెల్ అంచున ఎస్‌వీడీ ఆశ చూపించే ఆ అదనపు లాభం మీ హార్డ్‌వేర్‌లో లేనే లేదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఒక యాంటెన్నా చేతి కింద పడి ఇంకోదాని కంటే 10 డీబీ బలహీనంగా ఉందనుకోండి. మొత్తం పవర్ మారకుండా రెండింటికీ సగం సగం పంచితే, మంచి యాంటెన్నా ఒక్కదానికే మొత్తం ఇచ్చినదాని కంటే 0.6 డీబీ తక్కువ వస్తుంది. మంచి యాంటెన్నా యాంప్లిఫైయర్ ఒంటరిగా పూర్తి పవర్ ఇవ్వగలిగితే అప్పుడు ఎంపిక చేసుకోవడమే మేలు, ఇంకో యాంప్లిఫైయర్ కరెంటు కూడా మిగులుతుంది.

నాన్-కోడ్‌బుక్ పద్ధతి చెడ్డదని నేను అనడం లేదు. టీడీడీలో (ఒకే ఫ్రీక్వెన్సీని రెండు వైపులా వంతులవారీగా వాడే పద్ధతి) డివైస్ డౌన్‌లింక్ సీఎస్ఐ-ఆర్ఎస్ (బేస్ స్టేషన్ పంపే కొలత సంకేతం) విని, ఛానెల్ రెండు వైపులా ఒకటేనన్న ధైర్యంతో ప్రీకోడర్ లెక్కేస్తుంది. ఆ ప్రీకోడర్లతోనే ఎస్ఆర్ఎస్ పంపితే బేస్ స్టేషన్ వాటిలో తనకి నచ్చినవి ఎస్ఆర్ఐతో (ఏ ఎస్ఆర్ఎస్ నచ్చిందో చెప్పే సూచికతో) ఎంచుకుంటుంది. ఫేజ్‌లకి 90 డిగ్రీల మెట్లు ఉండవు, బాగుంటుంది. కానీ దానికి మీ ట్రాన్స్‌మిట్ చెయిన్, రిసీవ్ చెయిన్ మధ్య కూడా క్యాలిబ్రేషన్ కావాలి. కోడ్‌బుక్ పద్ధతిలో బేస్ స్టేషన్ మీ ట్రాన్స్‌మిట్ చెయిన్ల ఫేజ్‌ని కూడా ఛానెల్లో భాగంగా కొలిచేస్తుంది కాబట్టి ఆ ఫేజ్ ఎంతున్నా ఫర్వాలేదు, నిలకడగా ఉంటే చాలు. నాన్-కోడ్‌బుక్‌లో అది ఎంతో కూడా మీకు తెలియాలి. కోడ్‌బుక్‌కి కావాల్సింది నిలకడ. నాన్-కోడ్‌బుక్‌కి నిలకడా కావాలి, ఖచ్చితత్వమూ కావాలి. మొదటిదే లేని డివైస్‌ని రెండోదానికి మార్చితే ఇంకా దిగజారుతుంది. ఇంకో మాట, అపీరియాడిక్ (అడిగినప్పుడు మాత్రమే వచ్చే) సీఎస్ఐ-ఆర్ఎస్ అయిపోయాక ఎస్ఆర్ఎస్‌కి 42 ఓఎఫ్‌డీఎమ్ సింబల్స్ (ప్రసారంలో చిన్న సమయపు ముక్కలు) కంటే తక్కువ సమయం ఉంటే డివైస్ ప్రీకోడర్‌ని కొత్తగా లెక్కేస్తుందని ప్రమాణం ఆశించదు. షెడ్యూలింగ్ అంతకన్నా దగ్గరగా పెట్టారేమో చూసుకోండి, లేకపోతే పాత ప్రీకోడర్‌తోనే తిరుగుతుంటారు.

ఎప్పటికైనా డివైస్‌లో ఎస్‌వీడీ వేస్తే ఒక జాగ్రత్త. ఎస్‌వీడీ ఇచ్చే వెక్టర్‌కి మొత్తంగా ఏ ఫేజ్ అయినా ఉండొచ్చు, గణితం దాన్ని పట్టించుకోదు. సబ్‌క్యారియర్లకి (బ్యాండ్‌లోని సన్నని ఫ్రీక్వెన్సీ ముక్కలకి) విడివిడిగా లెక్కేస్తే పక్కపక్క సబ్‌క్యారియర్లలో ఆ ఫేజ్ ఇష్టమొచ్చినట్టు గెంతుతుంది. డీఎమ్ఆర్ఎస్ (డేటాతోపాటు వెళ్లే తెలిసిన సంకేతం) కూడా అదే ప్రీకోడర్ గుండా వెళ్తుంది కాబట్టి బేస్ స్టేషన్‌కి ఆ గెంతులు ఛానెల్ గెంతుల్లా కనిపించి, అది చేసే స్మూతింగ్ అంతా పాడవుతుంది. మాకు సిమ్యులేషన్‌లో లాభం వచ్చి పూర్తి రిసీవర్ పెట్టగానే నష్టం వచ్చింది ఇందుకే. ఒక యాంటెన్నా ఫేజ్‌ని సున్నాగా పట్టుకుని మిగతావాటిని దానికి సాపేక్షంగా తిప్పితే ఆ గెంతులు చాలావరకు పోతాయి. ఇంకా మంచిది, బ్యాండ్ మొత్తానికి ఒక్క సగటు కోవేరియన్స్ తీసి ఒక్క ప్రీకోడర్ వాడటం.

డివైస్ కదులుతుంటే ఇదంతా వేరే లెక్క. 3.5 గిగాహెర్ట్జ్‌లో గంటకి 3 కిలోమీటర్ల నడకకి డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) సుమారు 10 హెర్ట్జ్, ఛానెల్ పదుల మిల్లీసెకన్లు నిలుస్తుంది, 20 మిల్లీసెకన్లకి ఒక ఎస్ఆర్ఎస్ ఫర్వాలేదు. 60 కిలోమీటర్ల వేగానికి డాప్లర్ 194 హెర్ట్జ్, ఛానెల్ 2 మిల్లీసెకన్లలో మారిపోతుంది. అక్కడ ఫేజ్ ప్రీకోడింగ్ మీద ఆశ పెట్టుకోకండి. మీది ఒకచోట కదలకుండా ఉండే పెట్టె అయితే ఈ పేరా వదిలేయండి.

చివరగా 8 యాంటెన్నాలు. రిలీజ్ 18లో 8 పోర్టుల అప్‌లింక్ వచ్చింది, 8 లేయర్ల వరకు, 4 కంటే ఎక్కువైతే రెండు కోడ్‌వర్డ్‌లు (విడివిడిగా ఎన్‌కోడ్ చేసిన డేటా ముక్కలు). యాంటెన్నాలని కోహరెంట్ గుంపులుగా చెప్పుకోవచ్చు: ఎనిమిదీ ఒకే గుంపు, నాలుగేసి చొప్పున రెండు, రెండేసి చొప్పున నాలుగు, లేదా ఏదీ దేనితోనూ కలవని ఎనిమిది. పూర్తి కోహరెంట్‌కి డౌన్‌లింక్ టైప్ 1 కోడ్‌బుక్ పద్ధతినే తీసుకున్నారు, అంటే యాంటెన్నాలు క్రమమైన వరుసలో ఉన్నాయనే ఊహ అందులో ఉంది. మీ యాంటెన్నాలు పెట్టె చుట్టూ వేర్వేరు దిక్కులకి చూస్తుంటే ఆ బీములు మీకు సరిగ్గా సరిపోవు. నా సలహా, నాలుగేసి యాంటెన్నాల రెండు గుంపులు. ఒక్కో గుంపుని ఒకే ట్రాన్స్‌సీవర్ మీద, ఒకే లోకల్ ఆసిలేటర్‌తో, ఒకే దిక్కుకి పెట్టండి. ఎనిమిదింటినీ కలిపే ఖర్చు ఎక్కువ, 64 యాంటెన్నాల బేస్ స్టేషన్ ముందు దానికి దొరికేది పైన చెప్పినట్టు చాలా చోట్ల తక్కువ. ఎస్ఆర్ఎస్‌లో ఒక్కో పోర్టుకి దక్కే పవర్ కూడా 9 డీబీ తగ్గుతుంది, బలహీన కవరేజీలో బేస్ స్టేషన్ మీ ఫేజ్‌ని తప్పుగా కొలవడం మొదలుపెట్టేది అక్కడే. లేయర్ల కోసం 8 కావాలి అంటే సంతోషంగా చేయండి. ర్యాంక్ 1లో 9 డీబీ కోసమే అయితే బోర్డు గీయకముందే మీ నిజమైన చోట్లలో ఛానెల్ కొలిచి, ఐగెన్ విలువలు చూసి నిర్ణయించుకోండి.

కేబుల్ పరీక్ష చేశాక ఆ 16 టీపీఎంఐల లెక్కలూ కొలతలూ పక్కపక్కన పెట్టి ఇక్కడే రాయండి. దానితోపాటు మూడు సంగతులు కావాలి: ఎస్ఆర్ఎస్ రిసోర్సు దేనికోసం కాన్ఫిగర్ అయింది (కోడ్‌బుక్ కోసమా, డౌన్‌లింక్ కోసం వాడే యాంటెన్నా స్విచింగ్ కోసమా, ఈ పొరపాటు చాలా చూశాను), ఎస్ఆర్ఎస్ ఎన్ని మిల్లీసెకన్లకి ఒకసారి వస్తోంది, డివైస్ తన కోహరెన్స్ సామర్థ్యాన్ని ఏమని రిపోర్ట్ చేస్తోంది. గుంటలు లోతుగా ఉంటే ఛానెల్ వైపు చూద్దాం, లేకపోతే మీ ఆర్ఎఫ్ టీమ్‌తో గెయిన్ మెట్ల పట్టిక దగ్గర మొదలుపెట్టండి.